టర్ఫ్‌లో నన్ను బెర్బటోవ్ అంటున్నారు, ఇది పొగడ్తా తిట్టా?

హెచ్ఎస్ఆర్_సబ్‌స్టిట్యూట్

అందరికీ నమస్తే. హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో శనివారం రాత్రుళ్ళు ఆఫీసు వాళ్ళతో టర్ఫ్ మీద ఫైవ్స్ (జట్టుకి ఐదుగురితో ఫుట్‌బాల్) ఆడతాను. సగం మంది మలయాళీలు, తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. నేను పెద్దగా పరిగెత్తను, ముందు నిలబడతా, బాల్ వస్తే ఆపి పక్కవాడికి ఇస్తా. ఈమధ్య త్రిస్సూర్ కుర్రాడొకడు నన్ను "బెర్బటోవ్" అని పిలవడం మొదలుపెట్టాడు, ఇప్పుడు అందరూ అదే పట్టుకున్నారు.

నేను ఫుట్‌బాల్ సీరియస్‌గా చూడటం మొదలుపెట్టిందే 2018 వరల్డ్ కప్‌తో, కాబట్టి ఈయన ఆట నాకు తెలియదు. యూట్యూబ్‌లో వెతికితే వీడియోలో మాంత్రికుడిలా ఉన్నాడు, కింద కామెంట్లు చూస్తే సోమరిపోతు అని సగం మంది తిడుతున్నారు. బల్గేరియా నుంచి వచ్చి మాంచెస్టర్ యునైటెడ్ దాకా వెళ్ళినవాడు మన కేరళ బ్లాస్టర్స్‌కి కూడా ఆడాడట! గోల్డెన్ బూట్ (లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చేది) కొట్టిన సీజన్‌లోనే ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి బెంచ్ మీద కూడా కూర్చోబెట్టలేదని ఒకడు అన్నాడు, నిజమేనా? అసలు ఆయన కెరీర్‌ని గొప్ప కెరీర్ అనాలా, టాలెంట్ ఉండి సరిగ్గా వాడుకోలేదనాలా? వికీపీడియా లింకులు వద్దు బాబూ, అప్పట్లో మ్యాచ్‌లు చూసినవాళ్ళు చెప్పండి.

మారతహళ్ళి_మావయ్య

ఫైనల్ సంగతి నిజమే. 2010-11లో ప్రీమియర్ లీగ్‌లో 20 గోల్స్ కొట్టి మాంచెస్టర్ సిటీ టెవెజ్‌తో కలిసి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు, యునైటెడ్ లీగ్ గెలిచింది. మే 28న వెంబ్లీలో బార్సిలోనాతో ఫైనల్ అంటే 18 మందిలో పేరు లేదు. బెంచ్ మీద ఆ చోటు మైకేల్ ఓవెన్‌కి ఇచ్చాడు మేనేజర్ ఫెర్గూసన్. 3-1తో ఓడిపోయాం. బెర్బటోవ్ ఉన్నా ఆ రోజు బార్సిలోనా చేతిలో ఓడేవాళ్ళమే, ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ కెరీర్ అన్నావు కాబట్టి ముందు నుంచీ చెప్తా, ఎందుకంటే చాలామందికి ఆయన 2008లో యునైటెడ్‌కి వచ్చిన రోజే పుట్టినట్టు లెక్క. 1981లో బల్గేరియా నైరుతి మూల బ్లాగోయెవ్‌గ్రాడ్‌లో పుట్టాడు. నాన్న ఇవాన్ కూడా ఫుట్‌బాలరే, అమ్మ హ్యాండ్‌బాల్ ఆడేది. ఊళ్ళో పిరిన్ క్లబ్, అక్కణ్ణించి టీనేజ్‌లోనే సోఫియాలో సీఎస్‌కేఏ. ఆ రోజుల్లో అక్కడ ఫుట్‌బాల్ చుట్టూ ఎలాంటి మనుషులు తిరిగేవాళ్ళంటే, వేరే క్లబ్‌కి సంతకం పెట్టమని ఇతన్ని ఎత్తుకుపోయి బెదిరించారు. ఇది పుకారు కాదు, తర్వాత అతనే చెప్పుకున్నాడు. వాళ్ళ నాన్నకి కబురందాక గానీ బయటపడలేదు. అప్పటికి పద్దెనిమిదేళ్ళ పిల్లాడు.

2001 జనవరిలో జర్మనీ వెళ్ళాడు, బాయర్ లెవర్కూజెన్‌కి. 2001-02 లెవర్కూజెన్ కథ తెలియకపోతే ఈ వీకెండ్ ఇంకేం చేయకుండా అదే చదువు. బల్లాక్, లూసియో, జె రొబెర్టో, ష్నైడర్, అంత మంచి టీమ్ లీగ్‌లో రెండో స్థానం, జర్మన్ కప్ ఫైనల్‌లో ఓటమి, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఓటమి, మూడూ కొన్ని రోజుల తేడాలో! క్వార్టర్‌ఫైనల్‌లో లివర్‌పూల్‌ని 4-2తో తిప్పి కొట్టినప్పుడు ఒక గోల్ ఇతనిది. గ్లాస్గోలో రియల్ మాడ్రిడ్‌తో ఫైనల్‌లో 39వ నిమిషంలో సబ్‌గా దిగాడు, ఇంకో ఆరు నిమిషాలకి జిదాన్ ఆ వాలీ కొట్టాడు. అంటే ఆ గోల్‌ని మనమందరం టీవీలో చూస్తే ఇతను గ్రౌండ్ మీద నిలబడి చూశాడు. తర్వాత జర్మన్ లీగ్ బుండెస్‌లిగాలో వరుసగా రెండు సీజన్లు 20, 21 గోల్స్. ఒళ్ళు వంచనివాడు జర్మనీలో ఐదున్నరేళ్ళు నిలబడగలడా, మీరే చెప్పండి.

తర్వాత ఇంగ్లాండ్‌లో స్పర్స్ (టోటెన్‌హామ్) తరఫున రెండు సీజన్లు, నా దృష్టిలో ఆయన అసలైన సీజన్లు. రాబీ కీన్‌తో జోడీ. 2007 డిసెంబర్‌లో రీడింగ్ మీద 6-4 గెలిచిన మ్యాచ్‌లో నాలుగు కొట్టాడు. 2008 ఫిబ్రవరిలో లీగ్ కప్ ఫైనల్‌లో చెల్సీ ముందుంటే పెనాల్టీ కొట్టి సమం చేసింది ఇతనే, ఎక్స్‌ట్రా టైమ్‌లో వుడ్‌గేట్ గెలిపించాడు. ఆ సెప్టెంబర్ 1న, ట్రాన్స్‌ఫర్లకి చివరి రోజు, మాంచెస్టర్ సిటీ డబ్బు సంచులతో కాచుకుని ఉంటే ఫెర్గూసన్ స్వయంగా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి తెచ్చుకున్నాడు. 30.75 మిలియన్ పౌండ్లు, అప్పటికి క్లబ్ రికార్డు.

బాక్స్_టు_బాక్స్

మావయ్యా గౌరవంతోనే అంటున్నా, మీరు యునైటెడ్ వచ్చేసరికి కథ ఆపేశారు, అసలు గొడవంతా అక్కడే కదా. క్లబ్ రికార్డు ధరకి మొదటి రెండు సీజన్లలో లీగ్ గోల్స్ 9, 12. 2009 ఎఫ్ఏ కప్ సెమీఫైనల్‌లో ఎవర్టన్‌తో షూటౌట్‌లో ఆ పెనాల్టీ చూడండి, గోల్‌కీపర్‌కి పాస్ ఇచ్చినట్టు ఉంటుంది. 2010 ఏప్రిల్ ఇంకా ఘోరం. రూనీకి మ్యునిక్‌లో చీలమండ దెబ్బ తగిలింది, భారమంతా ఇతని మీద పడింది. సొంత గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో చెల్సీ చేతిలో 2-1 ఓటమి, బ్లాక్‌బర్న్‌లో 0-0, రెండింట్లోనూ ఇతని గోల్ లేదు. ఆ ఏడు లీగ్ పోయింది ఒక్క పాయింట్ తేడాతో! ఆ నెల నాకు ఇప్పటికీ మంటే.

ఇక గోల్డెన్ బూట్ సీజన్. 20లో లివర్‌పూల్ మీద 3, బ్లాక్‌బర్న్ మీద 5, బర్మింగ్‌హామ్ మీద 3. మూడు మ్యాచ్‌ల్లో 11, మూడూ సొంత గ్రౌండ్‌లోనే. మిగతా సీజన్ మొత్తానికి 9. లెక్కల్లో టాప్ స్కోరరే, కాదనను, కానీ ఫైనల్‌కి ఎందుకు పక్కన పెట్టాడో ఈ లెక్కలోనే ఉంది.

టెవెజ్ సంగతి కూడా మర్చిపోకండి. బెర్బటోవ్ వచ్చాక అతనికి చోటు తగ్గింది, 2009లో సిటీకి వెళ్ళిపోయాడు. ప్రతి బాల్ వెనకా కుక్క తరిమినట్టు పరిగెత్తేవాడు, స్టాండ్స్ మొత్తం అతని వైపే. వాణ్ణి వదులుకుని దీన్ని ఉంచుకున్నామా అన్న బాధ యునైటెడ్ ఫ్యాన్స్‌కి ఊరికే రాలేదు.

మారతహళ్ళి_మావయ్య

సొంత గ్రౌండ్ అంటున్నావు కదా, 2011 జనవరిలో బ్లాక్‌పూల్ వెళ్ళి చూడు. 2-0 వెనకబడి 72వ నిమిషం వరకు ఏమీ లేదు, అక్కణ్ణించి 3-2. అందులో రెండు బెర్బటోవ్‌వి, చివరిది 88వ నిమిషంలో. అది కూడా గెలిచినవాళ్ళ ఖాతాలో వెయ్యాలిగా. లివర్‌పూల్ మీద హ్యాట్రిక్ అయితే యునైటెడ్ వాళ్ళు 1946 తర్వాత ఎవరూ కొట్టలేదు, అందులో ఒకటి గోల్‌కి వీపు పెట్టి, తొడ మీద ఆపి, ఓవర్‌హెడ్ కిక్. దాన్ని "3" అని రాసి పక్కన పెట్టేస్తావా?

ఇంకో మాట. చెమట పట్టడమే ఆటకి కొలత అయితే టెవెజ్‌కి 20, ఇతనికి 20 ఎలా వచ్చాయి అదే ఏడు?

వైట్‌ఫీల్డ్_వాలీ

మన హైదరాబాద్ వాళ్ళకి బెర్బటోవ్‌ని అర్థం చేయించడం చాలా తేలిక. వీవీఎస్ లక్ష్మణ్. అంతే. బాల్‌కి అందరికన్నా ఎక్కువ టైమ్ ఉన్నట్టు కనిపిస్తుంది, మణికట్టుతో ఇట్టే తిప్పేస్తాడు, వికెట్ల మధ్య పరుగు దగ్గర, ఫీల్డింగ్ దగ్గర జనం సణుగుతారు. 2003 వరల్డ్ కప్ టీమ్‌లోంచి తీసేసినప్పుడు మా ఇంట్లో రెండ్రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. లక్ష్మణ్ వరల్డ్ కప్ ఆడకుండానే రిటైరయ్యాడు, బెర్బటోవ్ కూడా ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఒక్కటీ ఆడలేదు. మెత్తగా ఆడేవాళ్ళని చూసి వీళ్ళకి పట్టుదల లేదు అనుకోవడం సెలెక్టర్లకీ కోచ్‌లకీ ఎప్పుడూ ఉన్న జబ్బే.

బాక్స్_టు_బాక్స్

లక్ష్మణ్ పోలిక అందంగా ఉంది కానీ అన్యాయం. 2001లో ఈడెన్‌లో ఫాలోఆన్ ఆడుతూ ఆస్ట్రేలియా మీద 281 కొట్టాడాయన. టీమ్ మునిగిపోతున్నప్పుడే లేచేవాడు. బెర్బటోవ్‌కి అలాంటి రోజు యునైటెడ్‌లో ఏది? బ్లాక్‌పూల్ మీద రెండు గోల్స్‌ని దాని పక్కన పెడతారా అండీ, నవ్వుతారు.

ఆస్టిన్‌టౌన్_ఆఫ్‌సైడ్

మధ్యలో దూరుతున్నా. నేను పుట్టింది పెరిగింది బెంగళూరులోనే, ఇంట్లో తెలుగు, గ్రౌండ్‌లో కన్నడ తమిళం. మా వైపు, ఇంకా ఆ అల్సూరు పక్కన గౌతంపురాలో (పెలేకి విగ్రహం పెట్టుకున్న పేట అది, తెలియనివాళ్ళు ఒకసారి వెళ్ళి చూడండి) పిల్లలకి ఆదివారాలు ఫుట్‌బాల్ నేర్పిస్తుంటాను. నాకు కనిపించిన విషయం చెప్తా, పై ఇద్దరూ గోల్స్ లెక్కల్లో పడి దాన్ని వదిలేశారు.

బెర్బటోవ్ బాల్ ఆపడం మామూలు స్పీడ్‌లో కాకుండా స్లో చేసి చూడండి. బాల్ రాకముందే ఒకటికి రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసుకుంటాడు. బాల్ తగిలే క్షణానికి కాలు బిగబట్టి ఉండదు, తగిలిన వేగంతోనే కాలిని కొద్దిగా వెనక్కి తీసుకుంటాడు, అందుకే ముప్పై గజాల నుంచి ఎత్తుగా వచ్చిన బాల్ కూడా ఎగరకుండా అక్కడే పడుతుంది. డిఫెండర్ ఎటు ఉన్నాడో ముందే తెలుసు కాబట్టి రెండో టచ్ ఎటు వెయ్యాలో కూడా ముందే తెలుసు. మనలాంటివాళ్ళం మొదటి టచ్ తప్పు వేసి, దాన్ని సరిచేసుకోవడానికి నాలుగడుగులు పరిగెత్తుతాం, చూసేవాళ్ళు అబ్బ ఎంత కష్టపడుతున్నాడో అనుకుంటారు. 2008 అక్టోబర్‌లో వెస్ట్ హామ్ మీద రొనాల్డోకి ఇచ్చిన పాస్ అందరికీ తెలుసు. గోల్‌లైన్ మీద బాల్ బయటికి పోతున్నట్టే ఉంటుంది, డిఫెండర్ కూడా అలాగే అనుకున్నాడు, ఒక్క టచ్‌తో వాణ్ణి దాటేసి లోపలికి వచ్చేశాడు. అందులో పరుగు ఎంత? రెండడుగులు.

మరి ఫెర్గూసన్‌కి ఇది తెలియదా అంటే అందరికన్నా బాగా తెలుసు. సమస్య రూనీతో. ఇద్దరికీ కావలసింది ఒకే చోటు, అవతలి మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య ఉండే ఆ ఖాళీ. ఇద్దరూ కిందికి దిగి బాల్ అడిగితే డిఫెన్స్ వెనక్కి పరిగెత్తేవాడు ఎవడు? 2010లో హెర్నాండెజ్ వచ్చాడు, పిల్లాడు, వాడికి తెలిసింది అదే, డిఫెండర్ల వీపు వెనక దూరడం. వాడు డిఫెన్స్ లైన్‌ని వెనక్కి నెడితే రూనీకి చోటు దొరికింది, సీజన్ రెండో సగం నుంచి ఆ జోడీయే కుదిరింది. ఇక బార్సిలోనా లాంటి టీమ్ మీద బాల్ నీ దగ్గర ఉండేదే తక్కువ, ముందున్న ఇద్దరూ ఎదురుపరుగు తియ్యాలి, బాల్ ఉన్నవాడి మీదికి వెళ్ళి ప్రెస్ చెయ్యాలి. బాల్ కాలికి వచ్చినప్పుడు ప్రపంచంలో మేటి అయినవాడు బాల్ రాని మ్యాచ్‌లో ఏం చేస్తాడు? కాబట్టి దించకపోవడం నాకు అర్థమవుతుంది. బెంచ్ మీదైనా పెట్టకపోవడం మాత్రం కాదు. ఓడిపోతూ చివరి పది నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లోకి బాల్స్ లేపేటప్పుడు ఆరడుగుల మనిషి ఉంటే నష్టమేంటో!

ఇక నీ విషయం సబ్‌స్టిట్యూట్ తమ్ముడూ, ఫైవ్స్‌లో నిలబడి ఆడితే మీ టీమ్ నలుగురితో ఆడుతున్నట్టే. తిట్టే అనుకో.

బీటీఎం_పీజీ_బ్యాచ్

హహ, పాపం. కేరళ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తా. 2017లో బీటీఎంలో పీజీలో ఉన్నప్పుడు మా ఫ్లోర్ నిండా మలయాళీలే. ఆగస్టులో బెర్బటోవ్ బ్లాస్టర్స్‌కి సంతకం పెట్టాడని తెలిసిన రోజు వాళ్ళ హడావిడి చూడాలి, మెస్ అక్క కూడా "యారప్పా అవను" అని అడిగింది. పాత యునైటెడ్ కోచ్ రెనె మ్యులెన్‌స్టీన్, వెస్ బ్రౌన్, బెర్బటోవ్, కొచ్చిలోనే ఓల్డ్ ట్రాఫర్డ్ కట్టేస్తున్నాం అన్నట్టు మాట్లాడారు. నవంబర్‌లో కోల్‌కతా టీమ్ ఏటీకేతో మొదటి మ్యాచ్ 0-0.

ఆయనకి అప్పటికి 36. కొచ్చి ఉక్క, తర్వాత గాయం. ఆడినప్పుడు కూడా చాలాసార్లు మిడ్‌ఫీల్డ్‌లో కిందికి దిగి ఆడాడు, పాస్ ఇస్తే అది ఎటు వస్తుందో అందుకోవాల్సిన కుర్రాడికే తెలిసేది కాదు. డిసెంబర్ 31న కొచ్చిలోనే మన బెంగళూరు ఎఫ్‌సీ వాళ్ళని 3-1తో కొట్టింది (ఆ రాత్రి మా ఫ్లోర్‌లో న్యూ ఇయర్ కేక్ ముట్టినవాడు లేడు, నేను తప్ప), కొత్త సంవత్సరం మొదటి వారంలోనే కోచ్ మ్యులెన్‌స్టీన్ వెళ్ళిపోయాడు, అతని చోట డేవిడ్ జేమ్స్ వచ్చాడు. మొత్తం 9 మ్యాచ్‌లు, ఒక్క గోల్, కోల్‌కతాలో ఏటీకే మీద. సీజన్ అయ్యాక ఇన్‌స్టాలో పేరు పెట్టకుండా కోచ్‌ని ఉతికేశాడు. బాల్‌ని స్ట్రైకర్ ఛాతీ మీదికి లేపండి, అక్కణ్ణించి చూసుకుందాం అనేవాడి దగ్గర ఎలా ఆడతాం అని. మీ త్రిస్సూర్ ఫ్రెండ్ ఏ బెర్బటోవ్‌ని తలుచుకుంటున్నాడో ముందు అది కనుక్కోండి, యునైటెడ్‌దా, కొచ్చిదా. కొచ్చిది అయితే పరువు పోయినట్టే.

హెచ్ఎస్ఆర్_సబ్‌స్టిట్యూట్

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. త్రిస్సూర్‌వాణ్ణి అడిగితే నవ్వి ఊరుకున్నాడు, కాబట్టి కొచ్చిదే అయ్యుంటుంది. ఇంకో డౌట్, వరల్డ్ కప్ ఆడలేదన్నారు కదా, బల్గేరియా 1994లో సెమీఫైనల్ దాకా వెళ్ళిందని ఎక్కడో చదివాను. మరి ఇంత మంచి స్ట్రైకర్ ఉండి ఎందుకు రాలేకపోయారు? మధ్యలో ఏమైంది?

మారతహళ్ళి_మావయ్య

అది స్టోయిచ్‌కోవ్ టీమ్. ఆ వరల్డ్ కప్‌లో ఆరు గోల్స్ కొట్టి టాప్ స్కోరర్ చోటు పంచుకున్నాడు, అదే ఏడు ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ కూడా. క్వార్టర్స్‌లో జర్మనీని ఇంటికి పంపించారు. అప్పుడు బెర్బటోవ్‌కి 13 ఏళ్ళు. ఆ తరం అయిపోయాక వెనక అంత సరుకు రాలేదు, ఒక్కడు వచ్చాడు, ఇతను. 2004 యూరోకి వెళ్ళారు, మూడు మ్యాచ్‌లూ ఓడారు, స్వీడన్ చేతిలో ఐదు గోల్స్ తిన్నారు. ఆ తర్వాత బల్గేరియా మళ్ళీ పెద్ద టోర్నీ ముఖం చూడలేదు. అలాంటి టీమ్‌కి 78 మ్యాచ్‌ల్లో 48 గోల్స్ కొట్టాడు. పాత రికార్డు బోనెవ్‌ది, 47, దానికి ఆయనకి 96 మ్యాచ్‌లు పట్టాయి. 2010లో 29 ఏళ్ళకే నేషనల్ టీమ్‌కి దండం పెట్టేశాడు. దేశంలో ఏటా ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డు ఏడుసార్లు ఇతనికే. వేస్ట్ అంటే వీటికి ఏం పేరు పెడతారో నాకు తెలియదు.

బాక్స్_టు_బాక్స్

వేస్ట్ అని నేను ఎప్పుడూ అనలేదు మావయ్యా. 94 ప్రీమియర్ లీగ్ గోల్స్ కొట్టినవాణ్ణి ఎలా అంటాను. యునైటెడ్‌కి తప్పు సమయంలో వచ్చిన సరైన ప్లేయర్ అంటాను. యునైటెడ్ తర్వాత వెళ్ళిన ఫుల్‌హామ్‌లో చూడండి, టీమ్ మొత్తం ఇతని కోసమే ఆడింది, అక్కడ హాయిగా కనిపించాడు. గోల్ కొట్టి చొక్కా ఎత్తితే లోపల టీషర్ట్ మీద "కీప్ కామ్ అండ్ పాస్ మీ ది బాల్" అని ఉంది, రెఫరీ ఎల్లో కార్డ్ ఇచ్చాడు. ఆ ఎల్లో కార్డ్‌కి మాత్రం నేను పూర్తిగా ఇతని పక్షమే.

ఆస్టిన్‌టౌన్_ఆఫ్‌సైడ్

మొనాకోని వదిలేశారు. 2014 జనవరిలో వాళ్ళ స్ట్రైకర్ ఫాల్కావో గాయపడితే తెచ్చుకున్నారు, ఏడాది తర్వాత ఫిబ్రవరిలో ఛాంపియన్స్ లీగ్‌లో ఎమిరేట్స్‌కి వెళ్ళి ఆర్సెనల్‌ని 3-1తో ఓడిస్తే రెండో గోల్ ఇతనిదే. 34 ఏళ్ళకి, పాత స్పర్స్ ఆటగాడు, ఆర్సెనల్ గ్రౌండ్‌లో. ఆర్సెనల్ అంటే పడని స్పర్స్ ఫ్యాన్స్‌కి అది దీపావళి.

హెచ్ఎస్ఆర్_సబ్‌స్టిట్యూట్

ఓకే, హైలైట్స్ కాకుండా ఒక్క పూర్తి మ్యాచ్ చూడాలంటే ఏది చూడమంటారు?

మారతహళ్ళి_మావయ్య

స్పర్స్, రీడింగ్, 6-4. డిఫెన్స్ గురించి ఆలోచించకు.

బాక్స్_టు_బాక్స్

ఆయన్ని తెలుసుకోవాలంటే 2010 చెల్సీ మ్యాచ్ చూడు. హాయిగా కూర్చుని చూడాలంటే మావయ్య చెప్పిందే.

ఆస్టిన్‌టౌన్_ఆఫ్‌సైడ్

యునైటెడ్, లివర్‌పూల్, 2010 సెప్టెంబర్. బాల్ వైపు చూడకు, బాల్ రాకముందు ఇతను ఎటు చూస్తున్నాడో చూడు.